ఊరి పక్కన సోలార్ ప్లాంటు: గ్రామసభకు ముందు తెలుసుకోవలసినవి

మీ ప్రశ్నను నాకు అర్థమైన మేరకు ముందుగా చెబుతాను. కల్యాణదుర్గం ప్రాంతంలోని మీ ఊరి పొలిమేరలో సుమారు 400 ఎకరాల మెట్ట భూమి తీసుకుని 100 మెగావాట్ల సోలార్ ప్లాంటు పెడతామని ఒక కంపెనీ తరఫున మనుషులు వచ్చారు. ప్యానెళ్ల వల్ల ఎండ పెరిగి వానలు పోతాయని, రేడియేషన్‌తో జబ్బులు వస్తాయని, బోర్లు ఎండిపోతాయని కొందరు భయపడుతున్నారు. ఇంటికో ఉద్యోగం, ఊరికంతా ఉచిత కరెంటు అని మధ్యవర్తులు చెబుతున్నారు. మీ నాన్నగారి పేరున ఉన్న ఆరు ఎకరాలు లీజుకు ఇవ్వాలా వద్దా, వచ్చే నెల గ్రామసభలో ఏమి అడగాలి అన్నది మీ సందేహం.

నేను ఎలక్ట్రికల్ ఇంజనీరుగా పన్నెండేళ్లు సోలార్ ప్లాంట్ల నిర్మాణంలోను, నిర్వహణలోను పనిచేశాను. అందులో ఎక్కువ భాగం అనంతపురం, కర్నూలు జిల్లాల్లోను, సరిహద్దు దాటితే వచ్చే పావగడ ప్రాంతంలోను గడిచింది. ఇప్పుడు లీజు పత్రాలు పట్టుకుని వచ్చే రైతులకు వాటిని చదివి వివరించే పని ఎక్కువగా చేస్తున్నాను.

సూటిగా చెప్పాలంటే, ప్యానెళ్ల వల్ల మీ ఆరోగ్యానికి గాని, ఊరి వానకు గాని ముప్పు లేదు. జాగ్రత్త పడవలసింది లీజు పత్రంలోని మాటల దగ్గర, వాన నీరు పారే వంకల దగ్గర, భూమి లేక కూలి మీదా గొర్రెల మీదా బతికే కుటుంబాల దగ్గర. ఉచిత కరెంటు, ఇంటికో ఉద్యోగం అన్న మాటలను కాగితం మీద చూసేదాకా నమ్మకండి. మీ ఆరు ఎకరాలు వానాధారపు భూమి అయితే, షరతులు సరిగ్గా రాయించుకుని ఇవ్వడం తప్పు కాదని నా అభిప్రాయం. అందులో నీళ్లున్న బోరు, కాపుకొచ్చిన చీనీ (బత్తాయి) తోట ఉంటే ఇవ్వవద్దు.

ఇక ఒక్కొక్కటిగా కారణాలు చెబుతాను.

వాన, ఎండ. మన జిల్లాలో సగటు వర్షపాతం ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్లే. పడమటి కనుమల చాటున ఉండటం వల్ల నైరుతి మేఘాలు ఇక్కడికి వచ్చేసరికి తడి కోల్పోతాయి. ఈశాన్య రుతుపవనాలు కూడా కోస్తాకు ఇచ్చినంత మనకు ఇవ్వవు. సోలార్ అన్న మాట పుట్టక ముందు నుంచీ ఇక్కడ ఇదే పరిస్థితి. 400 ఎకరాలంటే సుమారు 1.6 చదరపు కిలోమీటర్లు. వందల కిలోమీటర్ల మేర విస్తరించే రుతుపవన మేఘాలను అంత చిన్న స్థలం మళ్లించలేదు.

వేడి విషయంలో మాత్రం మీ ఊరివాళ్ల అనుమానంలో కొంత నిజం ఉంది, దాన్ని కొట్టిపారేయకూడదు. ప్యానెల్ మీద పడిన వెలుతురులో సుమారు ఐదో వంతు కరెంటుగా మారుతుంది. మిగిలిన దానిలో అధిక భాగం వేడి అవుతుంది. మే నెల మధ్యాహ్నం ప్యానెల్ అద్దం అరవై డిగ్రీలు దాటుతుంది, చేయి పెట్టలేము. అమెరికాలోని అరిజోనా ఎడారిలో చేసిన కొలతలను 2016లో ప్రచురించారు. ప్లాంటు లోపల రాత్రి పూట గాలి, పక్కనున్న ఎడారి గాలి కంటే 3 నుంచి 4 డిగ్రీలు వెచ్చగా ఉన్నట్టు అందులో తేలింది. అయితే ఆ వెచ్చదనం కంచె దాటిన కొద్దీ గాలిలో కలిసిపోతుంది, కొన్ని వందల మీటర్ల అవతల తేడా కనిపించదు. అందుచేత గ్రామసభలో మీరు అడగవలసింది దూరం. చివరి వరుస ప్యానెళ్లకు, ఊరి మొదటి ఇంటికి మధ్య కనీసం 300 మీటర్లు వదలమని, ఆ ఖాళీలో వేప, కానుగ వంటి చెట్లు పెంచమని అడగండి. దుమ్ము ప్యానెళ్ల మీద పడకుండా ఆ చెట్లు కంపెనీకీ ఉపయోగపడతాయి కాబట్టి ఈ కోరికకు వారు సాధారణంగా ఒప్పుకుంటారు.

రేడియేషన్, జబ్బులు. ప్యానెల్ సూర్యకాంతిని తీసుకుంటుంది, దాని నుంచి హానికరమైన కిరణాలేవీ వెలువడవు. కరెంటు పారే ప్రతి తీగ చుట్టూ అయస్కాంత క్షేత్రం ఉంటుంది. ఇన్వర్టర్లు (ప్యానెళ్ల కరెంటును లైన్లకు పనికొచ్చేలా మార్చే యంత్రాలు), ట్రాన్స్‌ఫార్మర్ల దగ్గర అది కొంచెం ఎక్కువగా ఉన్నా, నాలుగడుగులు వెనక్కి వేస్తే బాగా తగ్గిపోతుంది. మీ ఊరి సబ్‌స్టేషన్ పక్కన ఇప్పటికే ఉన్నదాని కంటే ఇది వేరైనది కాదు. పగలు ఇన్వర్టర్ గదుల దగ్గర ఫ్యాన్ల మోత వినిపిస్తుంది, పొద్దుగూకితే ఆగిపోతుంది. ఆ గదులను ఊరివైపు కాకుండా ప్లాంటు నడుమ కట్టమంటే చాలు.

అసలు ప్రమాదం మరొకటి ఉంది. దాని గురించి ఊళ్లో ఎవరూ మాట్లాడకపోవడం నన్ను బాధిస్తుంది. ప్యానెళ్లను వరుసగా కలిపినప్పుడు ఆ తీగల్లో 1,000 నుంచి 1,500 వోల్టుల దాకా డీసీ (ఒకే దిశలో పారే) కరెంటు ఉంటుంది. స్విచ్ ఆపినా ఎండ ఉన్నంతసేపు ప్యానెల్‌లో కరెంటు పుడుతూనే ఉంటుంది. కంచె దూరి లోపలికి వెళ్లిన పిల్లలకు, రాగి కోసం తీగలు కోసే వారికి ప్రాణాపాయం. గాలివానకు ఎగిరి పక్క పొలంలో పడిన ప్యానెల్‌ను కూడా పగటిపూట చేతితో ముట్టుకోకూడదు. ఈ మాట మీ ఊరి బడిలో పిల్లలకు చెప్పించాలి, కంచె మీద తెలుగులో బొమ్మలతో బోర్డులు పెట్టించాలి.

విషపదార్థాల గురించి కూడా అడిగారు. మన దేశంలో ఎక్కువగా వాడేవి సిలికాన్ ప్యానెళ్లు. వాటి బరువులో అధిక భాగం గాజు, ఆ తర్వాత అల్యూమినియం చట్రం. అతుకుల్లో కొద్దిగా సీసం ఉంటుంది. పలుచని పొరతో చేసే మరో రకంలో కాడ్మియం సమ్మేళనం ఉంటుంది. ప్యానెల్ చెక్కుచెదరకుండా ఉన్నంతకాలం రెండూ నేలలోకి దిగవు. పగిలినవాటిని గుట్టగా పోసి ఏళ్ల తరబడి వదిలేయడం తప్పు. 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చిన ఇ-వ్యర్థాల నిబంధనలు సోలార్ ప్యానెళ్లకు కూడా వర్తిస్తాయి. ఏ రకం ప్యానెల్ వాడతారో, పగిలినవాటిని ఎన్ని రోజుల్లో తరలిస్తారో రాతపూర్వకంగా తీసుకోండి.

నీళ్లు. ఇక్కడ కాస్త లెక్క వేయాలి. 100 మెగావాట్ల ప్లాంటుకు ఇప్పటి సైజు ప్యానెళ్లు సుమారు రెండున్నర లక్షలు పడతాయి. ఒక్కోదాన్ని కడగడానికి రెండు లీటర్లు అనుకుంటే ఒకసారికి ఐదు లక్షల లీటర్లు, అంటే ఐదు వేల లీటర్ల ట్యాంకర్లు వంద. నెలకు రెండుసార్లు కడిగితే పది లక్షల లీటర్లు. జల్ జీవన్ మిషన్ లెక్కన మనిషికి రోజుకు 55 లీటర్ల చొప్పున చూస్తే, దాదాపు ఆరు వందల మంది నెల రోజులు వాడుకునే నీళ్లతో ఇది సమానం. వేరుశనగ పొలానికో, చీనీ తోటకో పోసే నీటితో పోలిస్తే ఇది తక్కువే. కానీ ఆ పది లక్షల లీటర్లూ ఊరి తాగునీటి బోరు పక్కనే వేసిన రెండు బోర్ల నుంచి, అదీ ఏప్రిల్, మే నెలల్లో లాగితే ఊరు నష్టపోతుంది.

ఈ పొరపాటును నేను దగ్గర నుంచి చూశాను. నేను పనిచేసిన ఒక ప్లాంటులో తొలి రెండేళ్లు కడిగే నీటి కోసం ఊరి దగ్గరి బోర్ల మీదే ఆధారపడ్డాము. మూడో వేసవిలో ఊరి ఆడవాళ్లు ఖాళీ బిందెలతో గేటు ముందు కూర్చున్నారు. వారి మాట న్యాయమైనదని మాకు తెలుసు. ఆ తర్వాతే నీళ్లు లేకుండా బ్రష్షులతో తుడిచే యంత్రాలు తెచ్చారు. ఇప్పుడు ఆ యంత్రాలు అన్నిచోట్లా దొరుకుతున్నాయి. మొదటి రోజు నుంచే పొడిగా తుడిచే పద్ధతి పెట్టమని, ఊరి బోర్లకు దగ్గరలో కొత్త బోరు వేయబోమని రాసివ్వమని అడగండి. నీరు, భూమి, చెట్ల రక్షణకు చేసిన 2002 నాటి వాల్టా చట్టం ప్రకారం కొత్త బోరుకు అనుమతి కావాలి. ఆ దరఖాస్తు వచ్చినప్పుడు పంచాయతీ తన అభ్యంతరాన్ని రాతలో పెట్టవచ్చు.

బోర్ల కంటే నాకు ఎక్కువ బెంగ వంకల మీద. నిర్మాణం మొదలుపెట్టగానే బుల్డోజర్లు వచ్చి నేలను చదును చేస్తాయి. తరతరాలుగా రైతులు వేసుకున్న గట్లు, చిన్న చిన్న వాగులు, నీటి కాలువలు ఒక్క వారంలో మాయమవుతాయి. కాగితం మీద వంక అని నమోదైన దాన్నైనా వదులుతారేమో గాని, రికార్డులో లేని చిన్న పారుదలను ఎవరూ పట్టించుకోరు. ఒకచోట అలా పూడ్చిన వంక నీరు తర్వాతి సెప్టెంబరులో కురిసిన పెద్ద వానకు దారి మార్చుకుని, లీజుకు ఇవ్వని ఒక రైతు చేలో పడి, పీకడానికి సిద్ధంగా ఉన్న వేరుశనగను మట్టితో కప్పేసింది. ఆ వంకతో నిండే చెరువుకు ఆ ఏడు నీళ్లు రాలేదు. ఆ తర్వాత తూములు కట్టారు, కాలువ తవ్వారు, కానీ రైతుకు పోయిన పంట తిరిగి రాలేదు. అందుచేత నిర్మాణానికి ముందే మీ ఊరి పెద్దవాళ్లను వెంటబెట్టుకుని ప్రతి పారుదల దారినీ నడిచి, పటం మీద గుర్తించి, ఆ పటాన్ని గ్రామసభ తీర్మానానికి జతచేయండి. పెద్ద వాన పడినప్పుడు నీళ్లు ఎటు పోతాయో ఇంజనీర్ల కంటే వారికే బాగా తెలుసు.

లీజు డబ్బు. పావగడ ఉదాహరణ తీసుకుంటాను. అది కర్ణాటకలో ఉన్నా మన జిల్లాకు ఆనుకునే ఉంటుంది, అక్కడ తెలుగు మాట్లాడే కుటుంబాలు చాలా ఉన్నాయి. సుమారు 13,000 ఎకరాల్లో 2,050 మెగావాట్ల పార్కు అది. భూమి కొనకుండా రైతుల నుంచి 28 ఏళ్లకు లీజుకు తీసుకున్నారు. ఎకరాకు ఏడాదికి 21,000 రూపాయలతో మొదలుపెట్టి, రెండేళ్లకోసారి 5 శాతం పెంచుతారు. వరుస కరువులతో విసిగిన రైతులకు అది స్థిరమైన ఆదాయమైంది. అప్పులు తీర్చుకున్నవారిని, పిల్లలను చదివించుకున్నవారిని నేను స్వయంగా చూశాను.

అయితే ఆ 5 శాతాన్ని జాగ్రత్తగా లెక్కకట్టండి. పెంపు మీద పెంపు వేసుకుంటూ పోయినా, చివరి సంవత్సరాల్లో ఎకరాకు వచ్చేది సుమారు 39,600 రూపాయలు. ధరలు ఏడాదికి 5 శాతం చొప్పున పెరుగుతాయని అనుకుంటే, ఆ రోజున ఆ డబ్బుకు నేటి విలువలో 11,000 రూపాయల కంటే తక్కువే దొరుకుతుంది. అంటే కాగితం మీద అంకె రెట్టింపు కావస్తున్నా, దానితో కొనగలిగే సరుకు సగానికి పడిపోతుంది. మీకు ఇవ్వజూపే మొదటి అంకె మీద బేరం ఆడే రైతులే ఎక్కువ. పెంపు మీద బేరం ఆడితే ఇంకా ఎక్కువ లాభం. ఏటా పెంపు కావాలని, అది చక్రవృద్ధి పద్ధతిలో ఉండాలని గట్టిగా అడగండి.

సాధారణంగా ఎవరూ ముందుగా చెప్పని విషయాలు రెండు ఉన్నాయి. సోలార్‌కు ఇచ్చిన భూమి మీద వచ్చే అద్దె వ్యవసాయ ఆదాయం కిందికి రాదు, దానికి ఆదాయపు పన్ను మినహాయింపు లేదు. మీ కుటుంబానికి వేరే ఆదాయం ఉంటే ఇది లెక్కలోకి వస్తుంది. అలాగే సాగు ఆగిపోయిన భూమికి పీఎం కిసాన్ వంటి సాయం వర్తించదు, పంట రుణం, పంట బీమా కూడా ఉండవు. వీటన్నిటినీ తీసివేసి చూస్తేనే లీజు అసలు విలువ తెలుస్తుంది.

లీజు పత్రం. నా దగ్గరికి వచ్చే రైతుల్లో చాలామంది సంతకం పెట్టిన తర్వాత వస్తారు. దయచేసి ముందే చదివించుకోండి. ఇంగ్లీషులో ఇస్తే తెలుగు ప్రతి అడగండి, రెండింటిలో తేడా వస్తే తెలుగు ప్రతే చెల్లుతుందని రాయించండి.

మొదట మీ చేతికి వచ్చేది తరచుగా లీజు పత్రం కాదు, లీజుకు ముందస్తు ఒప్పందం. ఎకరాకు కొద్దిపాటి అడ్వాన్సు ఇచ్చి, ప్రాజెక్టు ఖాయమైతే లీజు రాసుకుంటామని, అంతదాకా భూమిని ఎవరికీ ఇవ్వరాదని అందులో ఉంటుంది. గడువు రాయకపోతే ఏళ్ల తరబడి మీ చేతులు కట్టేసినట్టే. ఒక గ్రామంలో ఇలా నాలుగేళ్లు అద్దె లేక, అమ్ముకోలేక, బ్యాంకులో పెట్టుకోలేక ఇబ్బంది పడిన కుటుంబాలున్నాయి. ఏడాది గడువు, ఆ తర్వాత ఒప్పందం దానంతట అదే రద్దవుతుంది, అడ్వాన్సు తిరిగి ఇవ్వనక్కరలేదు అని స్పష్టంగా ఉండాలి.

సంతకం పెట్టే కంపెనీ ఏదో చూడండి. పేరున్న పెద్ద కంపెనీ మనుషులు వచ్చి మాట్లాడతారు, పత్రంలో మాత్రం ఆ ఒక్క ప్లాంటు కోసమే పెట్టిన చిన్న కంపెనీ పేరు ఉంటుంది. ఇది చట్టవిరుద్ధం కాదు, ఈ రంగంలో అందరూ చేసేదే. కానీ రేపు అద్దె ఆగిపోతే మీరు ఎవరిని అడగాలి? మాతృసంస్థ హామీ పత్రాన్ని, కనీసం ఒక ఏడాది అద్దెను డిపాజిట్‌గాను కోరండి. కంపెనీలు బ్యాంకు రుణానికి తమ లీజు హక్కును తాకట్టు పెడతాయి. దానికి ఒప్పుకోవచ్చు. భూమిని తాకట్టు పెట్టే హక్కు మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ ఇవ్వకండి. మీ తరఫున సంతకాలు చేసే అధికారం ఇచ్చే జనరల్ పవర్ ఆఫ్ అటార్నీ అడిగితే సంతకం పెట్టకండి. లీజుకు దాని అవసరమే లేదు.

ఏడాది మించిన లీజును 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం 17వ సెక్షన్ ప్రకారం తప్పనిసరిగా రిజిస్టరు చేయించాలి. నోటరీ చేయించిన కాగితం చాలదు. స్టాంపు ఖర్చు కంపెనీదే.

సరిహద్దుల గురించి ఒక మాట చెప్పాలి. ఇది ఎంత ముఖ్యమో అనుభవించినవారికే తెలుస్తుంది. చదును చేసేటప్పుడు గట్లతో పాటు సర్వే రాళ్లు కూడా పోతాయి. 28 ఏళ్ల తర్వాత మీ పిల్లలు వెళ్లి మా ఆరు ఎకరాలు ఎక్కడ అని అడిగితే చూపించేవారు ఉండరు. నాలుగు వందల ఎకరాల బయలులో ఒక్క గట్టూ కనిపించదు. అందుకని మీ సర్వే నంబరు ఎఫ్ఎంబీ (పొలం కొలతల పటం) నకలును, ప్రతి మూలకూ ఉపగ్రహ సర్వేతో తీసిన అక్షాంశ రేఖాంశాలను లీజు పత్రంలో భాగం చేయించండి. నాన్నగారి తదనంతరం అద్దె ఎవరికి, ఏ నిష్పత్తిలో చెల్లించాలో కూడా ఇప్పుడే రాయించుకోండి. అద్దె పంపకాల మీద అన్నదమ్ములు విడిపోయిన ఇళ్లను చూశాను.

లీజు ముగిశాక ప్యానెళ్లు, ఇనుప స్తంభాలు, భూమిలో పాతిన తీగలు, కాంక్రీటు దిమ్మెలు ఎవరు తీస్తారు? కంపెనీ తీస్తుంది అన్న ఒక్క వాక్యం చాలదు. అప్పటికి ఆ కంపెనీ చేతులు మారి ఉండవచ్చు, మూతపడి ఉండవచ్చు. పదిహేనో ఏడాది నుంచి ఏటా కొంత సొమ్మును ప్రత్యేక ఖాతాలో జమ చేయాలని, నేలను ఎంత లోతు వరకు శుభ్రం చేయాలో, పైమట్టిని ఎలా తిరిగి పరచాలో రాయించుకోవాలి. పైమట్టిని చదును చేసేటప్పుడే పక్కన పోగు చేయిస్తే తర్వాత దొరుకుతుంది. ఒకసారి లారీల్లో పోయిన మట్టి మళ్లీ రాదు.

డీకేటీ పట్టాలు. మీ ఊళ్లో ఆ 400 ఎకరాల్లో కొంత భాగం ప్రభుత్వం పంచిన అసైన్డ్ భూమి అని రాశారు. 1977 నాటి అసైన్డ్ భూముల చట్టం అమ్మకాన్నే కాదు, లీజును కూడా బదిలీగానే చూస్తుంది. ఇరవై ఏళ్లు దాటిన పట్టాల విషయంలో ఆంధ్రప్రదేశ్‌లో 2023లో సవరణ వచ్చింది, ఆ తర్వాత వాటి రిజిస్ట్రేషన్లపై ఆంక్షలూ వచ్చాయి. కాబట్టి మీ సర్వే నంబరు, రిజిస్ట్రేషన్ చేయకూడని భూముల 22-ఎ నిషేధిత జాబితాలో ఉందో లేదో ఈ వారంలోనే సబ్ రిజిస్ట్రారు కార్యాలయంలో చూడండి. ప్రభుత్వమే ఆ భూమిని వెనక్కి తీసుకుని కంపెనీకి ఇవ్వదలచుకుంటే, పట్టాదారుకు ఏమీ రాదని దళారులు భయపెడతారు. అది నిజం కాదు. 2004లో మేకల పాండు కేసులో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ హైకోర్టు విస్తృత ధర్మాసనం, ప్రజాప్రయోజనం కోసం అసైన్డ్ భూమిని తీసుకున్నప్పుడు పూర్తి హక్కుదారుతో సమానంగా పరిహారం ఇవ్వాలని చెప్పింది. తక్కువ ధరకు తొందరపడి ఏ కాగితం మీదా వేలిముద్ర వేయవద్దని ఆ కుటుంబాలకు మీరే చెప్పాలి.

ఉద్యోగాలు, కరెంటు. కట్టే ఎనిమిది పది నెలలు చేతినిండా పని ఉంటుంది. గుంటలు తవ్వడం, స్తంభాలు నిలపడం, ప్యానెళ్లు మోయడం, కావలి వంటివి. ప్లాంటు నడవడం మొదలయ్యాక అంత మంది అవసరం ఉండదు. నేను చూసుకున్న 50 మెగావాట్ల ప్లాంటులో కాపలావాళ్లను, గడ్డి కోసేవారిని, తుడిచేవారిని, టెక్నీషియన్లను అందరినీ కలిపినా ముప్పై మందికి లోపే. ఇంటికో ఉద్యోగం అసాధ్యం. భూమి ఇచ్చిన ఇళ్లలోని ఐటీఐ చదివిన పిల్లలకు శిక్షణ ఇప్పించి టెక్నీషియన్లుగా తీసుకోమని అడగడం న్యాయం, సాధ్యం కూడా.

పుట్టిన కరెంటు నేరుగా పెద్ద లైన్ల ద్వారా గ్రిడ్‌లో కలుస్తుంది. ప్లాంటు పక్కనే ఉన్నందువల్ల ఊరికి ఉచితంగా రాదు, కోతలు కూడా తగ్గవు. సీఎస్ఆర్ (కంపెనీల సామాజిక బాధ్యత) నిధుల మీద కూడా ఆశ పెట్టుకోకండి. 2013 కంపెనీల చట్టం గత మూడేళ్ల సగటు లాభంలో 2 శాతం ఖర్చు పెట్టమంటుంది. రుణ భారంతో మొదలయ్యే ఈ చిన్న కంపెనీలకు తొలి ఏళ్లలో లాభమే కనిపించదు. ఊరికి ఏదైనా కావాలంటే మెగావాటుకు ఏడాదికి ఇంత అని పంచాయతీతో విడిగా ఒప్పందం రాయించుకోండి.

ప్లాంటు నుంచి సబ్‌స్టేషన్‌కు వెళ్లే లైను, లీజుకు ఇవ్వని రైతుల పొలాల మీదుగా కూడా వెళుతుంది. 66 కిలోవోల్టులు, అంతకు మించిన లైన్లకు కేంద్ర విద్యుత్ శాఖ 2024 జూన్‌లో ఇచ్చిన మార్గదర్శకాలు టవరు కిందపడిన భూమికి దాని విలువకు రెట్టింపు, తీగల కింది మేరకు గ్రామీణ ప్రాంతంలో 30 శాతం పరిహారం సూచిస్తున్నాయి. మన రాష్ట్రంలో వాటి అమలు గురించి కలెక్టరు కార్యాలయంలో లిఖితపూర్వకంగా అడగండి.

భూమి లేనివారి సంగతి. మీ ప్రశ్నలో ఇది లేదు, కానీ నేను రాయకుండా ఉండలేను. లీజు డబ్బు పట్టాదారుకు వస్తుంది. ఆ పొలంలో కలుపు తీసిన కూలీకి, కౌలుకు చేసుకున్నవానికి, కోత తర్వాత బీళ్లలో గొర్రెలు మేపుకున్న కురుబ కుటుంబానికి ఏమీ రాదు. పావగడలో భూమి ఉన్నవారు నిలదొక్కుకుంటే, లేనివారు పనికోసం ఊరు వదలవలసి వచ్చింది. మీ ఊళ్లో ఎన్ని మందలున్నాయో, అవి ఏ దారిన మేతకు వెళతాయో లెక్క తీయండి. రస్తాలు, శ్మశానానికి, గుడికి వెళ్లే దారులు, పశువుల మేత బయలు కంచె లోపలికి పోకూడదు. ఊరి ఉమ్మడి భూములను కాపాడవలసిన బాధ్యతను 2011లో జగ్‌పాల్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు గట్టిగా గుర్తుచేసింది, తీర్మానంలో దాన్ని ప్రస్తావించండి. ప్యానెళ్ల కింద పెరిగే గడ్డిని మందు కొట్టి చంపే బదులు గొర్రెలను మేపనిస్తే ఇరుపక్షాలకూ మేలు. నేను ఉన్నచోట రెండేళ్లు అలా నడిపాము, ఒక్క ప్యానెల్ దెబ్బతినలేదు. మేకలను మాత్రం రానివ్వలేము, అవి ప్యానెళ్లెక్కుతాయి, తీగలు కొరుకుతాయి.

ఇక గ్రామసభ. సోలార్ ప్యానెళ్ల ప్లాంట్లకు 2006 నాటి పర్యావరణ ప్రభావ అంచనా నోటిఫికేషన్ వర్తించదు, కాలుష్య నియంత్రణ మండలి వాటిని కాలుష్యం దాదాపు లేని తెల్ల వర్గంలో పెట్టింది. అందువల్ల గనులకో, సిమెంటు ఫ్యాక్టరీకో జరిగినట్టు కలెక్టరు సమక్షంలో ప్రజాభిప్రాయ సేకరణ జరగదు. మీకు మాట్లాడే అవకాశం ఈ గ్రామసభే. నోటిమాటతో సరిపెట్టకుండా, ప్లాంటు పటం, నీటి వనరు, లైను వెళ్లే దారి, లీజు నమూనా ఈ నాలుగూ సభకు పదిహేను రోజుల ముందు పంచాయతీ కార్యాలయంలో పెట్టమని సర్పంచి గారి చేత కంపెనీకి లేఖ రాయించండి. ప్రాజెక్టుకు నిజంగా కేటాయింపు ఉందా అన్నది రాష్ట్ర పునరుత్పాదక ఇంధన సంస్థ నెడ్‌క్యాప్‌కు సమాచార హక్కు దరఖాస్తు పెట్టి తెలుసుకోవచ్చు.

సభకు ముందే మీరు ఐదారుగురు కలిసి ఒక బస్సెక్కి కదిరి వైపు నంబులపూలకుంట వెళ్లి రండి. అక్కడ 2016 నుంచి ప్లాంటు నడుస్తోంది. వీలైతే కర్నూలు వైపు గని, శకునాల గ్రామాల దగ్గర దాదాపు 5,900 ఎకరాల్లో 2017 నుంచి నడుస్తున్న 1,000 మెగావాట్ల పార్కు చుట్టుపక్కల పల్లెలకు కూడా వెళ్లండి. కంపెనీ మనుషులు వెంట లేకుండా వెళ్లి, భూమి ఇచ్చినవారిని, ఇవ్వనివారిని, గొర్రెల కాపరులను విడివిడిగా అడగండి. నా మాటల కంటే వారి మాటలు మీకు ఎక్కువ ఉపయోగపడతాయి.

మొత్తం భూమిని ఇవ్వడం ఇష్టం లేని రైతులు కొందరు కలిసి సొంతంగా చిన్న ప్లాంటు పెట్టుకునే వీలును కూడా పీఎం కుసుమ్ పథకం కల్పించింది. సబ్‌స్టేషన్‌కు ఐదు కిలోమీటర్ల లోపు బీడు భూమిలో 500 కిలోవాట్ల నుంచి 2 మెగావాట్ల దాకా పెట్టి, కరెంటును డిస్కంకు (విద్యుత్ పంపిణీ సంస్థకు) అమ్మే వీలు అందులో ఉండేది. పెట్టుబడి, బ్యాంకు రుణం కష్టమైన పనే. అయినా మీ ఊళ్లో చదువుకున్న యువకులు నలుగురు పూనుకుంటే ఒకసారి విచారించదగినది.

మీ నాన్నగారి భూమి వన్-బి, అడంగల్ (హక్కు, సాగు రికార్డులు), ఈసీ (భూమి మీద లావాదేవీల ధ్రువపత్రం) తీసి పెట్టుకోండి. కంపెనీ ఇచ్చే ముందస్తు ఒప్పందం చేతికి రాగానే పేర్లు, సర్వే నంబర్లు కనబడకుండా చేసి ఇక్కడ పెడితే, పేరా పేరాగా చదివి నా అభిప్రాయం రాస్తాను. ఆ ఆరు ఎకరాల పక్కనుంచి ఏదైనా వంక పారుతోందా, అది ఏ చెరువులో కలుస్తుంది అన్నది కూడా రాయండి. దానిని బట్టి పటంలో ఏమేమి గుర్తించాలో చెప్పగలను.